తోకబండి పిడికిలి

మేవిస్ ట్రాటర్ కుడిచెయ్యి పదకొండేళ్లలో ఒక్కటంటే ఒక్కసారి అబద్ధమాడింది. ఆ సంగతి చెప్పాలంటే ముందు ఆ చేతికి అంత విలువ ఎలా వచ్చిందో చెప్పాలి.

ఇసుక దిబ్బల మీద బగ్గీ, అంటే ఇసుకలో తిరిగే తేలిక ఇంజను బండి, తోలేవాళ్లకు దిబ్బ అవతల ఏముందో కనపడదు. ఎక్కుతున్నంతసేపూ బండి మూతి ఆకాశంలోనే ఉంటుంది. అందుకే ప్రతి బండికీ మనిషికి రెండింతల ఎత్తున సన్నటి కర్ర, దాని చివర ఒక జెండా. అందుకే ఎవరైనా ఎదురుపడితే చెయ్యెత్తి, నా వెనక ఇంకా ఇంతమంది వస్తున్నారు అని వేళ్లు చూపించడం. మూడు వేళ్లంటే ముగ్గురు. ఒక వేలంటే ఒకరు. అందరికంటే చివర వచ్చే తోకబండి పిడికిలి చూపిస్తుంది. నా వెనక ఎవరూ లేరు, నువ్వు నిశ్చింతగా దిబ్బ దాటు అని దాని అర్థం. ఆ పిడికిలి చూశాక ఎదుటివాడు ఇంక జెండాల కోసం వెతకడు, కాలు గట్టిగా తొక్కి ఎక్కేస్తాడు. ప్రాణం పెట్టి నమ్మడమంటే అదే మరి.

బ్రాలీ ఊరి బగ్గీ సంఘంలో పద్నాలుగు బండ్లు. తోకబండి మేవిస్‌ది. అంతకుముందు ఆమె భర్త ఎర్ల్‌ది. చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసినన్నాళ్లూ ఎర్ల్ తొడుక్కున్న నారింజరంగు అంగీ ఒకటుండేది. దాని వీపు గుడ్డ కత్తిరించి తోకజెండా కుట్టింది మేవిస్. ఎర్ల్‌కి గుండె జబ్బు చేసి బండి తోలలేకపోయినప్పుడు ఆ జెండా తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. "నోటితో ఎన్ని కోతలైనా కొయ్యి మేవిస్, నాకేం. ఈ చేత్తో మాత్రం కొయ్యకు," అన్నాడు. ఆ మరుసటేడు పోయాడు. పిల్లలు లేరు. వారమంతా లెట్యూస్ ఆకుకూర షెడ్డులో ఆకులు వలిచి పెట్టెల్లో సర్దడం, శనివారం వస్తే ఇసుకలో అందరి వెనకా రావడం, ఇదీ ఆమె బతుకు. తోవ తప్పినవాణ్ణి, బండి చెడినవాణ్ణి వెంటబెట్టుకుని విడిదికి చేర్చేది. ఎండువాగు దగ్గర నాయకుడు నిలబడి చూసేవాడు. మేవిస్ పిడికిలి కనపడగానే ఇంజను ఆపేసేవాడు. తలకాయలు లెక్కపెట్టే ఆచారం ఆ సంఘంలో లేదు. మేవిస్ పిడికిలి చూపించాక లెక్కెందుకు?

ఇప్పుడు ఆ జెండా ఆమె చేతిలోంచి పోయేట్టుంది. ఎనభై ఆరో సంవత్సరం జనవరిలో, శీతాకాలపు విడిది పెట్టిన వారాంతంలో, శనివారం భోజనాలయ్యాక ఓటు పెట్టారు. తోక మేవిస్‌కే ఉంచాలా, డార్లాకి ఇవ్వాలా అని.

ఈ డార్లా ట్రాక్టర్ల షెడ్డులో మెకానిక్కు. ముప్పై రెండేళ్లు. కండ పట్టిన భుజాలు, ఎర్రజెండా బండి, పదునైన నోరు. ఇంజను చప్పుడు విని రోగం చెప్పేది. పని తెలిసిన మనిషే, కాదనకూడదు. మేవిస్‌కి యాభై ఎనిమిది దాటాయి, కంటిచూపు తగ్గింది, ఆమె బండి ఇంజను నాలుగు తిరుగుళ్లకోసారి ఖళ్లుమని దగ్గుతుంది. ఆమె వచ్చేదాకా అందరూ అరగంటసేపు వాగు దగ్గర పడిగాపులు పడుతున్నారు. కాబట్టి ఓటు అన్యాయమేమీ కాదు. అదే ఆమెకు ఎక్కువ మంటగా ఉండేది.

శుక్రవారం మధ్యాహ్నం గ్లామిస్ దగ్గర రైలుకట్టకు ఇవతల, పడుకోవడానికి తెచ్చుకున్న ట్రైలర్లు గుండ్రంగా నిలిపారు. వాతావరణం ఎటూ తేల్చడం లేదు. రేడియో పొద్దున గాలి అంది, మధ్యాహ్నం ఏమీ లేదంది, తర్వాత పడమటి కొండల మీద వాన పడొచ్చు, పడకపోవచ్చు అంది.

డెబ్బై ఆరేళ్ల లాయిడ్ కుర్చీలో కాలు చాపుకుని, "నా మోకాలు వాన అంటోందర్రా," అన్నాడు.

"నీ మోకాలు పోయిన నెల మంచు కూడా కురుస్తుందంది తాతా. దానికి మతిపోయింది, పింఛనిచ్చి పంపెయ్యి," అంది డార్లా.

అందరూ నవ్వారు. నవ్వు దొరికితే డార్లా వదిలే మనిషి కాదు. ఒక బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది. మెడ ముందుకు సాచి, కళ్లు చికిలించి, రెండు చేతులతో లేని స్టీరింగు పట్టుకుని వణికించింది. ఎవరిని అనుకరిస్తోందో చెప్పక్కర్లేదు.

"ఆగండర్రా, ఆగండి! నా కళ్లజోడు ఏదీ? మూతి మీదే ఉందా? ఎర్ల్, ఓ ఎర్ల్! గేరు ఏ కాలితో వెయ్యాలో చెప్పవూ, పైనుంచి కనపడ్తోందిగా!" అని మధ్యమధ్య ఖళ్లు ఖళ్లుమని ఇంజను దగ్గు దగ్గింది.

కాఫీ తాగుతున్న ఒకాయనకు అది ముక్కులోంచి వచ్చింది. సంఘం నాయకుడు ర్యూబెన్ ఓచోవా అటు తిరిగి భుజాలు కదుపుతూ నవ్వాడు. మేవిస్ కూడా నవ్వింది. నవ్వకపోతే ఇంకో మెట్టు ఎక్కుతుందని తెలుసు. అయినా డార్లా ఎక్కింది.

"రేపు ఆ జెండా నాకొస్తే ముందు బాగా ఉతికించాలి. చచ్చినాయన చెమట కంపు కొడుతోంది."

ర్యూబెన్ భార్య ఇర్మా చిక్కుడు గింజల కుండలోంచి గరిటె పైకెత్తింది. "నోరు, డార్లా, నోరు!"

"ఊరికే అన్నాలే అత్తా. అమ్మమ్మ ఏమనుకోదు. ఏం అమ్మమ్మా?"

"ఏమనుకోను," అంది మేవిస్. లోపలికి వెళ్లి ట్రైలరు మంచం మీద కూర్చుని, జెండా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఎర్ల్ వాసన లేదు. పెట్రోలు వాసన, ఇసుక వాసన, అంతే. ఏడుపు రాలేదు. పళ్లు మాత్రం గట్టిగా కరుచుకున్నాయి.

శనివారం పొద్దున ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. తూర్పున చాక్లెట్ కొండలనే వరస మీద ఒక్క మబ్బు తునక లేదు. ఇంత మంచిగా ఉందేమిటా అని అందరూ అనుమానపడ్డారు గాని బయల్దేరకుండా ఉండలేదు. ర్యూబెన్ ముందు, లాయిడ్ ఆఖరున మేవిస్‌కి ముందు, డార్లా ఎక్కడ పడితే అక్కడ. వరసలో ఉండడం డార్లాకి చేతకాదు. పక్కదిబ్బలెక్కి దూకి మళ్లీ వచ్చి కలిసేది. అలా దూకుతూనే పదిన్నరప్పుడు వరసలోంచి మాయమైంది.

లాయిడ్ చూడలేదు. మేవిస్ చూసింది. దిబ్బ అంచు మీద ఎర్రజెండా కదలకుండా నిలబడి ఉంది. కదలని జెండా అంటే చెడిన బండి. మేవిస్ బండి అటు తిప్పింది.

అదో లోతైన గుంట. గిన్నె అడుగున ఈగలా బండి. డార్లా మోకాళ్ల మీద కూర్చుని వెనక చక్రం చూస్తోంది.

"ఏమైంది పిల్లా?"

"కనపట్టంలా? చక్రం బోల్టులు ఊడాయి. పది నిమిషాల పని. నువ్వు పో."

"తోకబండి వదిలేసి పోకూడదు."

"మధ్యాహ్నం నించి నువ్వు తోకా కాదు, తలా కాదు. ఇప్పట్నించే అలవాటు చేసుకో అమ్మమ్మా." చేతులకంటిన జిడ్డు తుడుచుకుంటూ నవ్వింది. "పో, పోయి మీ ఆయన చొక్కాకి ఒక మంచి చిలక్కొయ్య చూసుకో."

మేవిస్ అటు తిరిగింది. వెనక్కి నడిచి బండెక్కింది. ఇంజను ఖళ్లుమని దగ్గి అందుకుంది. అప్పుడు వెనకనుంచి పిలుపు వినపడింది.

"మేవిస్! ఏయ్ మేవిస్! ఆ చెక్క ఇచ్చి పో! జాకీ కింద చెక్క! నాది విడిదిలో మర్చిపోయా!"

పొడి ఇసుకలో జాకీ ఊరికే నిలబడదు. దాని కింద వెడల్పాటి చెక్క ఉండాలి. లేకపోతే బరువు పడేకొద్దీ ఒక పక్కకు దిగబడుతుంది. ఇది పసిపిల్లలకు కూడా తెలుసు. మేవిస్ సీటు వెనక ఆ చెక్క పట్టీతో బిగించి ఉంది. డార్లా ఆమెను అమ్మమ్మా అనకుండా పేరుతో పిలవడం ఈ రెండేళ్లలో అదే మొదటిసారి. మేవిస్‌కి ప్రతి ముక్కా వినపడింది. చెవి దగ్గర చెయ్యి పెట్టి, ఇంజను హోరులో వినపట్టం లేదన్నట్టు తల ఆడించి, కాలు తొక్కింది.

దారిపొడుగునా ఆమెకు మనసు చల్లగా ఉంది. డార్లా చావాలని ఆమె అనుకోలేదు. అలా అనుకుందని ఎవరైనా అంటే అది అబద్ధం. ఒక గంట, గంటన్నర అక్కడ కూర్చోనీ అనుకుంది. భోజనాల వేళకి, డార్లా ఏదీ అంటారు. అప్పుడు, ఉండండి నేను చూసొస్తానని వెళ్లి, తాడు కట్టి, అందరి కళ్లముందూ లాక్కొస్తుంది. ఆ తాడు చూశాక డార్లాకి ఓటెవరు వేస్తారు? నోటి దురదంతా ఇసుకతో నిండిపోయి వస్తుంది.

ఎండువాగు దగ్గర ర్యూబెన్ సీటు మీద నిలబడి కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు. మేవిస్‌ని చూసి చెయ్యి పైకెత్తాడు, ఎంతమంది అన్నట్టు.

ఒక వేలు చూపించాలి. చూపుడువేలు లేవబోయింది కూడా. కాని ఒక వేలు చూపిస్తే ర్యూబెన్ అక్కడే ఆగుతాడు. పది నిమిషాలు చూసి తనే వెళ్లి తెస్తాడు. అప్పుడు డార్లా బండి చెడినా మొనగత్తెలా నవ్వుకుంటూ వస్తుంది, తోకబండి వదిలేసి వచ్చిందన్న మాట మేవిస్‌కి మిగుల్తుంది.

ఆ వేలు వెనక్కి మడిచింది. పిడికిలి పైకెత్తింది.

ర్యూబెన్ ఇంజను తిప్పి విడిదికి దారితీశాడు.

భోజనాల దగ్గర ఇర్మా కుండలోంచి చిక్కుడు గింజలూ పంది మాంసమూ పళ్లేల్లో వేసి, పైన వేడి టోర్టిల్లా రొట్టెలు పరుస్తోంది. "డార్లా ఏదీ?" అని అడిగింది.

"ఇంకెక్కడ, అవతల దిగిన శాండియేగో సంఘంవాళ్ల విడిదిలో ఉంటుంది," అన్నాడు లాయిడ్. "ఆ ఎర్రగడ్డంవాడు లేడూ, నవంబర్లో కూడా చెప్పాపెట్టకుండా వాడి దగ్గరికే పోయి తెల్లారి వచ్చింది."

"ఇవాళ ఓటుందిగా!"

"ఓటుకే రాని మనిషి రేపు ఇసుకలో మనకోసం ఏం ఆగుతుంది?" అన్నాడు ర్యూబెన్ విసుగ్గా. "మధ్యలోనే పక్కకి పోయుంటుంది. మేవిసక్క పిడికిలి నేను చూశాను. వెనక ఎవరూ లేరు."

మేవిస్ అప్పుడు లేవాల్సింది. ఉండండి, నేను చూసొస్తా అనాలనుకున్న మాట నోటిదాకా వచ్చింది. కాని ర్యూబెన్ అన్న మాట ఆమె వేసుకున్న ఎత్తుకంటే బాగా పనిచేస్తోంది. చుట్టూ తలలు ఊగుతున్నాయి. ఓటు అయిపోనీ, పావుగంటలో అయిపోతుంది, ఆ వెంటనే వెళ్దామనుకుంది.

ఆ సంఘంలో ఓటంటే హెల్మెట్‌లో నట్టో బోల్టో వెయ్యడం. మేవిస్‌కైతే నట్టు, డార్లాకైతే బోల్టు. గుడ్డ కప్పిన హెల్మెట్ చేతులు మారింది. మేవిస్ చిక్కుడు గింజలు ఒక్కొక్కటే నమిలింది. ర్యూబెన్ హెల్మెట్‌ని రేకుబల్ల మీద బోర్లించాడు. తొమ్మిది నట్లు, మూడు బోల్టులు. అందరూ చప్పట్లు కొట్టారు. లాయిడ్ లేచి ఆమె బుగ్గ మీద ముద్దు పెట్టుకుని, "ఎర్ల్ ఉంటే మురిసిపోయేవాడమ్మాయ్," అన్నాడు.

ఆ చప్పట్లలోనే మొదటి గాలి వచ్చింది. పళ్లేల్లో కాగితపు రుమాళ్లు ఎగిరిపోయాయి. పడమటి కొండలు కనపడడం మానేశాయి.

"పార పడిపోయింది దారిలో, వెతుక్కొస్తా," అని మేవిస్ బండెక్కింది.

"ఈ గాలిలోనా? పార పోతే పోయిందిలే అక్కా!" అని ఇర్మా అరుస్తూనే ఉంది.

దిబ్బల కొసలన్నీ పొగ కక్కుతున్నాయి. పొద్దున వచ్చిన చక్రాల జాడలు పలక తుడిచినట్టు పోయాయి. కళ్లద్దాల మీద ఇసుక జల్లు. మేవిస్ ఎర్రజెండా కోసం చూసింది. ఎర్రజెండా కనపడితే చాలు. ఇదే గుంట అనుకుని దిగితే ఖాళీ. ఇది కాదు, పక్కది అనుకుంది. అక్కడా అంచు పైన జెండా లేదు. చుట్టూ తిరిగింది, ఆగింది, ఇంజను దగ్గుతుంటే గాలిలో చెవి పెట్టింది. బాగు చేసుకుని పోయిందేమో అనుకుంది. పని తెలిసిన మనిషి, పది నిమిషాల పని అంది కూడా. నిజంగానే ఎర్రగడ్డంవాడి దగ్గర కూర్చుని కాఫీ తాగుతోందేమో. ఆ ఊహ ఎంత హాయిగా ఉందంటే, దాన్ని పట్టుకునే వెనక్కి వచ్చేసింది.

మూడయ్యేసరికి విడిదిలో టార్పాలిన్లు పటపట కొట్టుకుంటున్నాయి. ఇర్మా ఒక పళ్లెం మీద మూత పెట్టి, మూత మీద రాయి పెట్టింది.

"అదెవరికి?" అంది మేవిస్.

"డార్లాకి. నోరు చెడ్డదే గాని కడుపు అందరికీ ఒకటేగా." ఇర్మా గొంతు తగ్గించి దగ్గరికి వచ్చింది. "మేవిసక్కా, ఒక్క మాటడుగుతా, కోప్పడకు. పొద్దున నీ వెనక నిజంగా ఎవరూ లేరుగా?"

ఇర్మా పది అడుగుల దూరంలో కూడా లేదు. ఒక్క వేలు చూపిస్తే చాలు, నోరు తెరవక్కర్లేదు. పగలింకా రెండు గంటలుంది, పదమూడు బండ్లున్నాయి, మనుషులున్నారు. ఒక్క వేలు. కాని అది ఎత్తితే జెండా ఇక్కడే, ఈ గాలిలోనే, ర్యూబెన్ చేత్తో విప్పేస్తాడు. ఎర్ల్ నమ్మిన చెయ్యి అబద్ధమాడిందంటారు.

"పదకొండేళ్లు," అంది మేవిస్. "పదకొండేళ్లలో నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. నీకూ అనుమానమేనా ఇర్మా?"

ఇర్మా ముఖం ఎర్రబడింది. మేవిస్ చెయ్యి పట్టుకుంది. "ఛ, ఛ, నాకే బుద్ధి లేదు. తప్పయిపోయింది అక్కా. క్షమించు."

"పోన్లే," అంది మేవిస్.

నాలుగింటికి వాన మొదలైంది. ఎడారి వానకు చినుకుల మొదలుండదు, ఒకేసారి పడుతుంది. ఎముకల్లోకి దిగే చలి. అందరూ ట్రైలర్లలోకి దూరారు. లాయిడ్ తన మోకాలు గెలిచిందని ప్రతి తలుపూ తట్టి చెప్పాడు. ఆ వాన తెల్లవార్లూ ఆగలేదు. మేవిస్ బూట్లు తొడుక్కుని పడుకుంది, ఎప్పుడు పిలుస్తారో అని. ఎవరూ పిలవలేదు. ఎందుకు పిలుస్తారు?

ఆదివారం పొద్దున ఎనిమిదికి ఎర్రగడ్డంవాడి ట్రక్కు బురదలో ఊగుతూ వచ్చింది.

"మీ మనిషిని తెచ్చాం," అన్నాడు దిగకుండానే. ముఖం తెల్లగా ఉంది. "మీరెవరూ వెతకలేదా? ఏం మనుషులు మీరు?"

"మీ దగ్గర ఉందనుకున్నాం!" అన్నాడు ర్యూబెన్.

"మా దగ్గరికి రానేలేదు. పొద్దున మావాళ్లు ఇంజను చూసుకుందామని ఒక చుట్టు వెళ్తే గుంటలో పడి ఉంది."

డార్లా ట్రక్కు వెనక దుప్పట్లలో ఉంది. పెదాలు బూడిదరంగు. కుడిచేతికి ఎవరిదో చొక్కా చుట్టారు, అది రక్తంతో నల్లబడింది. జాకీ ఒక పక్కకి దిగబడి, బండి వచ్చి చేతి మీద కూర్చుంది. బండి ఒరగడంతో జెండా కర్ర ఇసుకలోకి వాలింది. నిన్న పొద్దున పదకొండు నించి ఇవాళ ఏడు దాకా ఆ చెయ్యి బండి కిందే ఉంది, మనిషి వానలో ఉంది.

ర్యూబెన్ ట్రక్కు మీదికి వంగాడు. "అమ్మా డార్లా, నువ్వు ఆగిపోయినట్టు మాకెవరికీ తెలీదమ్మా. ఎవరూ చూడలేదు."

డార్లా గొంతు గుసగుసకంటే లేవలేదు. ఆ మాటల్లో వెటకారం లేదు, కోపమూ లేదు. లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది.

"మేవిస్ చూసింది. దిగి వచ్చి మాట్లాడింది. చెక్క అడిగా, ఇవ్వలేదు. మధ్యాహ్నం మళ్లీ వచ్చింది. ఆ దగ్గు నాకు తెలుసుగా. చాలా దగ్గరగా వచ్చింది. అరిచా. ఆగింది, మళ్లీ పోయింది."

ట్రక్కు ఆసుపత్రికి వెళ్లిపోయింది. పదమూడు మంది బురదలో నిలబడ్డారు. ర్యూబెన్ మేవిస్ బండి దగ్గరికి నడిచి, సీటు వెనక పట్టీ విప్పి, చెక్క బయటికి తీశాడు. తెచ్చి ఆమె కాళ్లముందు పెట్టాడు.

"వినపళ్లేదు," అంది మేవిస్. "చెక్క అడిగింది వినపళ్లేదు. గాలి."

"ఏ గాలి అక్కా? పదిన్నరకి ఆకు కదల్లేదు."

ఇర్మా ముందుకు వచ్చింది. చేతిలో నిన్నటి పళ్లెం అలాగే ఉంది, చిక్కుడు గింజల మీద వాననీళ్లు నిలిచాయి.

"నేను నిన్ను క్షమించమన్నాను," అంది. "నిన్న. నీ చెయ్యి పట్టుకుని. పోన్లే అన్నావు."

ఆ పళ్లెం మేవిస్ పాదాల దగ్గర ఒంచేసి వెళ్లిపోయింది.

ఆ పైన మూడు వారాలు మేవిస్ ఫోను దగ్గరే కూర్చుంది, సంఘంలోంచి తీసేశామని ఎప్పుడు చెప్తారా అని. ర్యూబెన్ ఫోను చేశాడు. "ఓటు అయిపోయింది. మా నియమం నీకు తెలుసుగా, వచ్చే జనవరి దాకా జెండా నీదే. ఫిబ్రవరి ఎనిమిదిన బయల్దేరుతున్నాం," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. మేవిస్ ఫోను పెట్టేసి ఏడ్చింది. క్షమించారనుకుంది. జెండా ఉతికి ఇస్త్రీ చేసింది.

ఫిబ్రవరిలో కూడా ఆకాశం అలాగే ఉంది, ఒక పక్క ఎండ, ఒక పక్క నల్లటి మబ్బు. మేవిస్ వెళ్తే అందరూ తలలూపారు. కాఫీ అడిగితే ఇచ్చారు. ఆమె దగ్గు బండి మీద, కళ్లజోడు మీద ఒక్కరూ ఒక్క వేళాకోళం ఆడలేదు. ఆమె కూర్చున్న కుర్చీకి రెండు పక్కలా కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఇర్మా ఆమెకు పళ్లెం ఇచ్చేటప్పుడు బల్ల మీద పెట్టి చెయ్యి తీసేసింది.

డార్లా వచ్చింది. మూడు వేళ్లు తీసేశారు, మిగతావి కూడా కదలవన్నారు. ట్రాక్టర్ల షెడ్డులో పని పోయింది. కుడిచేతికి బంతిలా తెల్లటి కట్టు. సొంతంగా తోలలేదు కాబట్టి లాయిడ్ తన పక్కన ఎక్కించుకున్నాడు. పన్నెండో బండి వాళ్లది. దాని వెనక పదమూడోది, నారింజజెండా వేసుకుని, మేవిస్‌ది.

బయల్దేరే ముందు మేవిస్ ధైర్యం చేసుకుని వాళ్ల దగ్గరికి వెళ్లింది. "చెయ్యి ఎలా ఉంది పిల్లా?"

డార్లా ఆమె వెనకాల ఉన్న ఆకాశం వంక చూసింది. "తాతా, వాన పడేట్టుందా?"

"మోకాలు ఏం చెప్పట్లేదు," అన్నాడు లాయిడ్ ఇంజను తిప్పుతూ.

మూడో దిబ్బ దగ్గర ఎదురుగా వేరే సంఘం బండ్లు వచ్చాయి. ముందునుంచి ఒక్కొక్కరే వేళ్లు చూపిస్తూ దాటుతున్నారు. ఎత్తుమీద నుంచి మేవిస్‌కి అంతా కనపడుతోంది. నాలుగు. మూడు. రెండు. ఇర్మా బండిలో ర్యూబెన్ తమ్ముడు ఒకటి చూపించాడు. ఒకటా, అనుకుంది మేవిస్. లాయిడ్ ఉన్నాడు, తనుంది. రెండు కదా అతను చూపించాల్సింది.

తర్వాత లాయిడ్ బండి. పక్కసీట్లోంచి డార్లా కట్టుకట్టిన చేతిని నిటారుగా పైకెత్తింది. తెల్లగా, గుండ్రంగా, దూరానికి అచ్చం పిడికిలి. ఆ చేతికి ఇప్పుడు అది తప్ప ఇంకో గుర్తు రాదు. ఎడమచెయ్యి ఒళ్లో బాగానే ఉంది, అయిదు వేళ్లతో. దాన్ని ఎత్తలేదు.

ఎదుటివాళ్లలో ఆఖరు బండివాడు ఆ పిడికిలి చూసి, చెయ్యూపి, కాలు తొక్కాడు.

మేవిస్ అప్పటికే ఆ ఎత్తు దిగి మూడో దిబ్బ ఎక్కుతోంది. మూతి ఆకాశంలో ఉంది. అవతలి ఇంజను హోరు పెద్దదవుతుంటే స్టీరింగు ఎడమకి విరిచేసింది. కొస మీద ఒక బండి గాల్లోకి లేచి, ఆమె తల పక్కనుంచి పోయి, ఇసుకలో కూరుకుని ఆగింది. మేవిస్ బండి సగం ఒరిగి నిలబడిపోయింది. నారింజజెండా కర్ర రెండుగా విరిగింది.

అవతలివాడు హెల్మెట్ పీకి దిగాడు. పాతికేళ్ల మనిషి. 

"పిచ్చా నీకు? ఎక్కణ్ణించి ఊడిపడ్డావు? ముందు బండి పిడికిలి చూపించింది!"

"నాకు జెండా ఉంది," అంది మేవిస్.

"పిడికిలి చూశాక జెండాలెవడు చూస్తాడు? నువ్వు వాళ్ల మనిషివేనా?"

మేవిస్ దిబ్బ కిందికి చూసింది. పన్నెండు బండ్లు వాగు వైపు వెళ్లిపోతున్నాయి. ఏదీ ఆగలేదు. ర్యూబెన్ ఎవరి పిడికిలి కోసమూ వాగు దగ్గర నిలబడి లేడు. ముందే వెళ్లిపోయాడు.

"నీ వెనక ఎంతమంది?" అన్నాడు అతను, తన బండి వెనక్కి తీసుకోవడానికి ఎక్కుతూ.

మేవిస్ కుడిచెయ్యి పైకెత్తింది. వేళ్లు మడిచి పిడికిలి బిగించింది. ఈసారి అది నిజం. వెనక ఎవరూ లేరు.

అతను ఆ పిడికిలి వంక ఒక్క క్షణం చూశాడు. తర్వాత సీటు మీదికెక్కి, మునివేళ్ల మీద లేచి, దిబ్బ అవతలికి తనే మెడ సాచి చూసుకున్నాడు.